కొబ్బరి చెట్ల సందులోంచి చూసి గ్రహశకలం కక్ష్య కట్టడం ఎలా

సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్తున్నప్పుడు ఒడ్డు వైపు ఓసారి చూడండి. గట్టు మీది కొబ్బరి చెట్టు చకచకా వెనక్కి జరిగిపోతుంది. దాని వెనకాల ఎక్కడో ఉన్న సెల్ టవర్ కదిలీ కదలనట్టు ఉంటుంది. టేపు పెట్టి కొలవకుండానే ఏది దగ్గరో ఏది దూరమో తెలిసిపోయింది కదా. పంటు కదులుతోంది కాబట్టి తెలిసింది. రేవులో కట్టేసిన పంటు మీద కూర్చుని ఎంతసేపు చూసినా తెలిసేది కాదు.

గ్రహశకలాన్ని చూసి కక్ష్య కట్టడం మొత్తం ఈ కిటుకు మీదే నడుస్తుంది. కెమెరా మనకు దిక్కు మాత్రమే చెబుతుంది. దూరం చెప్పేది భూమి ప్రయాణం. మన పంటు రోజుకు దాదాపు 26 లక్షల కిలోమీటర్లు పోతుంది. అయితే అవతల ఉన్నది గట్టు మీది చెట్టు కాదు, అదీ ఓ పడవే, దాని వేగం మనకు తెలీదు. చిక్కంతా అక్కడే. అది విప్పడానికి కొన్ని రాత్రులు పడుతుంది. ఒక్క రాత్రి ఫొటోలతో కక్ష్య తేల్చేశాం అని ఎవరైనా అంటే నమ్మకండి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఓ డీఎస్‌ఎల్‌ఆర్, 200 మిల్లీమీటర్ల లెన్స్, ట్రైపాడ్, వడ్రంగి చేత చేయించుకునే చెక్క ట్రాకర్, ల్యాప్‌టాప్, సైంటిఫిక్ కాలిక్యులేటర్, ఆకాశం బాగా కనిపించే డాబా. టెలిస్కోప్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

ఏ రాయి, ఏ నెల

కొత్త రాయిని కనిపెట్టేద్దాం అని మొదలుపెట్టకండి. 1861లో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ ఒక గ్రహశకలాన్ని పట్టి దానికి ఏషియా అని పేరు పెట్టాడు. ఇవాళ ఆ పని పెద్ద పెద్ద టెలిస్కోపులు రాత్రంతా చేస్తున్నాయి. మనం వెస్టాను తీసుకుందాం. ఎందుకంటే దాని జవాబు ముందే తెలుసు. సూర్యుడి నుంచి సగటు దూరం 2.36 ఏయూ, అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 2.36 రెట్లు. ఒక చుట్టుకు 3.63 ఏళ్లు. లెక్కల పుస్తకంలో చివరి పేజీ చూసుకుని సరిపోల్చుకునే సౌకర్యం మొదటిసారి చేసేవాళ్లకు ఉండాల్సిందే.

గ్రహశకలం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే రోజును ఆపోజిషన్ అంటారు. జాతకాల భాషలో చెప్పాలంటే రవికి సమసప్తకం. ఆ రోజుల్లో అది సూర్యాస్తమయానికి తూర్పున లేచి రాత్రంతా కనిపిస్తుంది, కాంతి కూడా అప్పుడే ఎక్కువ. వెస్టాకి ఈ ఆపోజిషన్ సుమారు పదహారున్నర నెలలకోసారి వస్తుంది. కాబట్టి ఏటా ఒకే నెలలో రాదు. మన డెల్టాలో జూన్ నుంచి అక్టోబర్ దాకా మబ్బు, నవంబర్లో తుఫాను భయం. డిసెంబర్ నుంచి మార్చి దాకానే అసలు సీజన్. ఆ నాలుగు నెలల్లో వెస్టా అందకపోతే సెరెస్ అనే ఇంకో రాయిని చూసుకోండి, దానికి పదిహేను నెలలకోసారి ఆపోజిషన్. ఏ తేదీన ఆకాశం ఎలా ఉంటుందో చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో తేదీలు ముందుకు నడిపితే ఏది ఎప్పుడు ఎదురొస్తుందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

ధనుర్మాసంలో ఆకాశం ఎంత బాగున్నా, రాత్రి రెండు దాటాక కాలవల మీంచి మంచు లేస్తుంది. పని పన్నెండున్నర ఒంటిగంట లోపు ముగించుకోండి. రొయ్యల చెరువుల గట్ల మీద వేసిన లైట్లు దిగువ ఆకాశాన్ని తినేస్తాయి. కాబట్టి రాయి ముప్ఫై డిగ్రీల పైకి లేచేదాకా ఆగండి. భోగి తెల్లవారుజామున మాత్రం ఆకాశం జోలికే పోవద్దు. ఆ పొగలో చందమామ కూడా ఎర్రగా కనిపిస్తాడు.

చెక్క తలుపు చేయించడం

నక్షత్రాలు ఆకాశంలో సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరుగుతాయి. డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్‌నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకను. 4.3 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాకి 200 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే ఒక్కో పిక్సెల్ 4.4 ఆర్క్‌సెకన్లు చూస్తుంది. అంటే సెకనులో మూడో వంతు దాటితే చుక్క గీతవుతుంది. ఇరవై సెకన్ల ఫొటో కావాలంటే కెమెరా ఆకాశంతో పాటు తిరగాలి.

దానికి వేలు పోసి మోటార్ కొనక్కర్లేదు. రెండు టేకు చెక్కలు, వాటిని కలిపే ఒక బందు, ఒక ఎం6 త్రెడ్ రాడ్ చాలు, తలుపులా తెరుచుకునే ట్రాకర్ తయారవుతుంది. కెమెరా పై చెక్క మీద ఉంటుంది. ఎం6 రాడ్ ఒక చుట్టు తిప్పితే సరిగ్గా ఒక మిల్లీమీటర్ ముందుకు వెళ్తుంది. బందు మధ్య నుంచి 228.6 మిల్లీమీటర్ల దూరంలో ఆ రాడ్ బిగించి నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై చెక్క నిమిషానికి పావు డిగ్రీ చొప్పున తెరుచుకుంటుంది. ఆకాశం తిరిగే వేగం కూడా అంతే. రాడ్ కొసకి సీసా మూత అంటించి, దాని మీద గీత గీసి, గోడ గడియారం సెకన్ల ముల్లును చూస్తూ చేత్తోనే తిప్పొచ్చు.

మా వడ్రంగి మేస్త్రి ఈ కొలత విని కాసేపు నా మొహం చూశాడు.

"ఇదేం తలుపండి బాబూ, తెరుచుకోడానికి నాలుగ్గంటలు పట్టేలా ఉందే?"

"అరవై డిగ్రీలకి నాలుగ్గంటలే మేస్త్రి గారూ. అలాగే కావాలి."

"ఆయ్. మీ ఇష్టం. వదులు లేకుండా మాత్రం బిగిస్తాను."

నిజంగానే వదులు లేకుండా బిగించాడు. ఆ 228.6లో అర మిల్లీమీటర్ తేడా వచ్చినా కంగారు పడకండి, ఇరవై సెకన్లకి అది కనిపించదు. బందు ఊగితే మాత్రం కనిపిస్తుంది. డబ్బు పెట్టాల్సింది బందు మీద.

ఇక బందు ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. కోనసీమ వాళ్లకు ఇక్కడొక ఇబ్బంది. అమలాపురం అక్షాంశం 16.6 డిగ్రీలు, కాబట్టి ధ్రువుడు ఉత్తర దిక్కున నేల నుంచి 16.6 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. యాభై మీటర్ల దూరంలో పదిహేను మీటర్ల కొబ్బరి చెట్టు ఉందంటే నేల మీద నిలబడినవాడికి ధ్రువుడు సరిగ్గా దాని మొవ్వులో దాక్కుంటాడు. పెళ్లిలో పురోహితుడు ధ్రువుణ్ని చూపించి కనపడిందా అంటే కనపడింది అనేస్తాం గానీ, కోనసీమలో నిజంగా చూసినవాళ్లు ఎందరున్నారో నాకు అనుమానమే. డాబా ఎక్కితే కొంత నయం. అప్పటికీ కనపడకపోతే దిక్సూచితో ఉత్తరం పట్టి, ఫోన్లోని లెవెల్ యాప్‌తో చెక్కను 16.6 డిగ్రీలు వాల్చండి. ఒక డిగ్రీ తప్పినా ఇరవై సెకన్లలో చుక్క జరిగేది ఐదు ఆర్క్‌సెకన్లే, ఒక్క పిక్సెల్. చెట్టు కొట్టించనక్కర్లేదు.

లెన్స్ మీద తడి పట్టడం అన్నిటికంటే పెద్ద బాధ. పవర్‌బ్యాంక్‌తో నడిచే హీటర్ పట్టీ లెన్స్ చుట్టూ కట్టండి. గుడ్డతో తుడిస్తే ఫోకస్ రింగు కదిలిపోతుంది, ఆ రాత్రి మొదటికొస్తుంది.

టైము రాసుకునే పద్ధతి

వెస్టా గంటకు 38 ఆర్క్‌సెకన్ల చొప్పునే జరుగుతుంది. కాబట్టి టైములో సెకను తప్పితే చుక్క స్థానంలో ఆర్క్‌సెకనులో నూరో వంతు తప్పుతుంది, మన కెమెరాకి అది లెక్కే కాదు. కెమెరా గడియారాన్ని ఫోన్ టైముతో సరిచేస్తే చాలు. అదే అంతరిక్ష కేంద్రం లాంటి ఉపగ్రహాన్ని పట్టాలంటే కథ వేరు. నడినెత్తిన అది సెకనుకు ఒక డిగ్రీ పోతుంది, అక్కడ సెకనులో పదో వంతు కూడా ప్రాణం మీదికొస్తుంది. ఆ పని తర్వాత చూసుకోవచ్చు.

అసలు ప్రమాదం సెకన్లలో లేదు, ఐదున్నర గంటల్లో ఉంది. లెక్కలన్నీ యూనివర్సల్ టైములో నడుస్తాయి. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. జనవరి 15 రాత్రి ఒంటిగంటకు తీసిన ఫొటో లెక్కలో జనవరి 14, 19 గంటల 30 నిమిషాలు అవుతుంది. దాన్ని రోజుల్లో 14.8125 అని రాస్తారు. తేదీ కూడా వెనక్కి పోవడం గమనించండి.

నేను మొదటిసారి మూడు రాత్రుల్లో ఒకదానికి ఈ తీసివేత మర్చిపోయాను. ఆ ఐదున్నర గంటల్లో వెస్టా మూడు ఆర్క్‌నిమిషాలకు పైగా నడుస్తుంది. లెక్క చేస్తే వెస్టా సౌర కుటుంబాన్ని వదిలేసి వెళ్లిపోతున్నట్టు వచ్చింది. రెండు రోజులు సమీకరణాలన్నీ తిరగేశాను. చివరికి దోషం నోటు పుస్తకంలో మొదటి వరసలోనే ఉంది. అప్పటి నుంచి ప్రతి వరసలోనూ రెండు టైములూ పక్కపక్కనే రాస్తున్నాను.

అన్నట్టు, మన దేశపు టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. అది కాకినాడకి కాస్త తూర్పుగా పోతుంది. అమలాపురం 82 డిగ్రీల దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన స్థానిక సమయానికీ గడియారానికీ తేడా రెండే నిమిషాలు. గుజరాత్ వాళ్లకు ఈ సుఖం లేదు.

ఎన్ని రాత్రులు, ఏ రాత్రులు

ఆపోజిషన్‌కి నాలుగు రోజుల ముందు ఒక రాత్రి, నాలుగు రోజుల తర్వాత ఒక రాత్రి. ఈ రెండూ పెన్సిల్ లెక్కకి. ఆ తర్వాత మూడు వారాలకి ఒకటి, ఆరు వారాలకి ఒకటి, వీలైతే మధ్యలో ఇంకొన్ని. ఇవి అసలు కక్ష్యకి.

ఎందుకిలా అంటే, ఆపోజిషన్ చుట్టుపక్కల రోజులతోనే మొత్తం తేల్చాలని చూస్తే, మూడు రాత్రుల కొలతల్లోంచి కక్ష్య తీసే గాస్ అనే గణితవేత్త పద్ధతి (కింద చెబుతాను) బెడిసికొడుతుంది. ఆ సమయంలో సూర్యుడు, మనం, ఆ రాయి ఒకే గీత మీద ఉంటాం. సూర్యుడి లాగుడు వల్ల దారి వంగడం మన చూపు వెంబడే జరుగుతుంది, పక్కకి కనపడదు. వంపు కనపడకపోతే దూరం తెలీదు. వారాలు గడిచి కొంచెం పక్క నుంచి చూసినప్పుడే వంపు బయటపడుతుంది. పంచాంగంలో గురుడు వక్రించాడు, వక్రం వదిలాడు అని రాస్తారు కదా, వెస్టాకీ అదే జరుగుతుంది. ఆపోజిషన్ నాడు గరిష్ఠ వేగంతో వెనక్కి నడుస్తూ, ఆరేడు వారాలకి ఆగి, మళ్లీ ముందుకు తిరుగుతుంది. ఆ మలుపు దాకా ఓపిక పట్టండి.

ప్రతి రాత్రీ పది నిమిషాల తేడాతో నాలుగు సార్లు తీయండి. ఒక్కో సారి ఇరవై సెకన్ల ఫొటోలు నాలుగైదు. రాయి ఎప్పుడూ ఫ్రేమ్ మధ్యలో ఉండాలి, అంచుల్లో లెన్స్ చుక్కల్ని సాగదీస్తుంది.

చుక్కని కొలవడం

భూమి మీద రేఖాంశం, అక్షాంశం ఎలాగో ఆకాశం మీద విషువాంశ, క్రాంతి అలాగ. విషువాంశను గంటలు, నిమిషాలు, సెకన్లలో చెబుతారు. అందులో ఒక నిమిషం పావు డిగ్రీ. ఫొటోను ఆస్టాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే అందులోని నక్షత్రాల్ని కేటలాగ్‌తో పోల్చి, ఏ పిక్సెల్‌కి ఏ విషువాంశ, ఏ క్రాంతి అనేది తేల్చేస్తుంది. వెస్టా ఏ చుక్కో తెలియాలంటే రెండు రాత్రుల ఫొటోలు ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి చూడండి. అన్నీ నిలబడి ఉంటాయి, ఒకటి గెంతుతుంది.

చుక్క మధ్యబిందువు పిక్సెల్‌లో ఐదో వంతు దాకా దొరుకుతుంది, అంటే ఒక ఆర్క్‌సెకను దగ్గర. మూడు వారాల్లో వెస్టా కొన్ని డిగ్రీలు నడుస్తుంది. ఆ నడకతో చూస్తే ఈ తప్పు చిన్నదే.

పెన్సిల్ లెక్క

సాఫ్ట్‌వేర్ ముట్టుకునే ముందు ఇది తప్పకుండా చేయండి. ఇది చేయకుండా ఫైనల్ అంకెలు చూస్తే అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఎప్పటికీ తెలీదు.

ఏటిగట్టు మీద బైక్ మీద పోతూ ఎద్దుబండిని దాటారనుకోండి. దాటే క్షణంలో బండి వెనక్కి పోతున్నట్టు ఉంటుంది, నిజానికి అదీ ముందుకే పోతోంది. లోపలి కక్ష్యలో వేగంగా పోయే భూమి, బయటి కక్ష్యలో నెమ్మదిగా పోయే వెస్టాను ఆపోజిషన్ నాడు ఇలాగే దాటుతుంది. బండి ఎంత దూరంలో ఉంటే అంత నెమ్మదిగా వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. కెప్లర్ నియమం ప్రకారం దూరం తెలిస్తే వేగం తెలుస్తుంది కాబట్టి, ఇక్కడ తెలియనిది ఒక్కటే, దూరం.

రెండు కక్ష్యలూ గుండ్రమే అనుకుంటే లెక్క ఇంత చిన్నదవుతుంది: రోజుకు వెనక్కి నడిచే డిగ్రీలు = 0.9856 ÷ (దూరం + √దూరం). దూరం సూర్యుడి నుంచి, ఏయూల్లో. 0.9856 అనేది భూమి రోజుకు సూర్యుడి చుట్టూ తిరిగే డిగ్రీలు.

లెక్క చూపడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. ఎనిమిది రోజుల్లో విషువాంశ 7.6 నిమిషాలు తగ్గింది, క్రాంతి 0.70 డిగ్రీలు పెరిగింది, క్రాంతి సుమారు 20 డిగ్రీలు. 7.6ని పావుతో గుణిస్తే 1.9 డిగ్రీలు. దాన్ని 20 డిగ్రీల కొసైన్ 0.94తో గుణించాలి, ఎందుకంటే విషువాంశ గీతలు ధ్రువం వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. వచ్చేది 1.785. ఇప్పుడు 1.785, 0.70 రెండిటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 1.917 డిగ్రీలు. ఎనిమిదితో భాగిస్తే రోజుకు 0.2397.

0.9856ని 0.2397తో భాగిస్తే 4.112. అంటే దూరం, దాని వర్గమూలం కలిపితే 4.112 రావాలి. వర్గ సమీకరణం చేస్తే వర్గమూలం 1.5885, దూరం 2.52 ఏయూ. చుట్టు కాలం కావాలంటే ఆ 1.5885కి ఘనం కట్టండి, అంటే 1.5885 × 1.5885 × 1.5885: 4.0 ఏళ్లు. రెండు ఫొటోలు, ఓ కాగితం ముక్కతో రాయి అంగారకుడికీ గురుడికీ మధ్యన ఉందని తేలిపోయింది.

ఇదే సూత్రంలో 2.36 వేస్తే వెస్టా రోజుకు పావు డిగ్రీ వెనక్కి నడవాలి, ఆకాశంలో నడిచేదీ దాదాపు అంతే. గురుడి 5.2 వేస్తే 0.13 డిగ్రీలు వస్తుంది, అదీ సరిపోతుంది. ఆపోజిషన్‌కి దూరంగా ఉన్న రాత్రులకి మాత్రం ఈ సూత్రం వాడకండి. బాగా సాగిన కక్ష్యలున్న రాళ్లకి కూడా పనికిరాదు.

గాస్ దారి

1801 జనవరి 1న పలెర్మోలో పియాజి అనే ఖగోళవేత్త సెరెస్‌ను చూశాడు. ఫిబ్రవరి 11 దాకా వెంటాడాడు, తర్వాత అది సూర్యకాంతిలో కలిసిపోయింది. 41 రోజుల్లో అది ఆకాశంలో నడిచింది మూడు డిగ్రీల మేర. అయితే ఆ కొద్ది రోజుల్లోనే అది వక్రం వదిలి ముందుకు తిరిగింది, వంపు అందులో ఉంది. 24 ఏళ్ల గాస్ ఆ వంపులోంచి కక్ష్య తీసి ఎక్కడ వెతకాలో చెప్పాడు. ఆ ఏడాది డిసెంబర్ 31న ఫాన్ జాక్ అనే ఖగోళవేత్తకి, తర్వాత ఒకట్రెండు రోజుల్లో ఇంకో ఖగోళవేత్త ఓల్బర్స్‌కి ఆ చోటి దగ్గరే సెరెస్ దొరికింది.

ఆయన ఆలోచన ఇలా సాగుతుంది. ఒక్కో రాత్రి మనకు రెండు కోణాలు ఇస్తుంది, మూడు రాత్రులకి ఆరు. కక్ష్యను చెప్పడానికి కావలసినవీ ఆరు అంకెలే. కాబట్టి సరిపోవాలి. తెలియనివి ఆ మూడు రాత్రుల్లో మన నుంచి రాయి దాకా ఉన్న మూడు దూరాలు.

రాయి సూర్యుడి చుట్టూ ఒకే సమతలంలో తిరుగుతుంది. కాబట్టి మధ్య రాత్రి స్థానాన్ని, మొదటి స్థానంలో కొంత వాటా, మూడో స్థానంలో కొంత వాటా కలిపి చెప్పొచ్చు. రాత్రుల మధ్య ఎడం సమానమైతే రెండు వాటాలూ సగం సగం ఉండాలి అనిపిస్తుంది. అలా తీసుకుంటే మాత్రం రాయి తిన్నటి గీత మీద నడిచినట్టు అవుతుంది. నిజానికి దారి ఉబ్బుతుంది. వెస్టా పది రోజుల ముందు ఉన్న చోటికీ పది రోజుల తర్వాత ఉన్న చోటికీ దారం లాగితే, మధ్య రోజున వెస్టా ఆ దారానికి సుమారు 4 లక్షల కిలోమీటర్లు బయటికి ఉంటుంది, మనకీ చంద్రుడికీ ఉన్నంత దూరం. అదే ఇరవై రోజుల్లో భూమి దారి ఉబ్బేది 22 లక్షల కిలోమీటర్లు. ఈ రెండు ఉబ్బుల తేడాయే ఆకాశంలో మనకు వంపుగా కనిపిస్తుంది. సూర్యుడికి దూరమయ్యేకొద్దీ ఉబ్బు తగ్గుతుంది కాబట్టి, వంపు కొలిస్తే దూరం బయటపడుతుంది. గాస్ పట్టుకున్నది ఈ తాడు కొసనే.

ఎక్సెల్‌లో ఇలా చేయండి. రాత్రుల మధ్య రోజుల్ని 0.0172021తో గుణించి ఎడాలు రాసుకోండి. సూర్యుడి నుంచి దూరం 2.5 అని ఊహించండి, లేదా పెన్సిల్ లెక్కలో వచ్చిందే వేయండి. ఎడాలు సమానమైతే ఒక్కో వాటా సగం, దాన్ని 1 + ఎడం వర్గం ÷ (2 × దూరం ఘనం)తో గుణించాలి. మబ్బుల పుణ్యమా అని మన దగ్గర ఎడాలు ఎప్పుడూ సమానంగా రావు. అప్పుడు మొదటి స్థానం వాటా, రెండో ఎడాన్ని మొత్తంతో భాగించి, 1 + (మొత్తం వర్గం − రెండో ఎడం వర్గం) ÷ (6 × దూరం ఘనం)తో గుణించినది. మూడో స్థానానికి మొదటి ఎడంతో అదే పని.

భూమి ఆ మూడు రాత్రుల్లో సూర్యుడి నుంచి ఎక్కడుందో నాసా వాళ్ల హొరైజన్స్ సైట్ ఇస్తుంది. అడిగేటప్పుడు విషువాంశ ఏ తలంలో కొలిచారో అదే తలంలో, జే2000లో (2000 సంవత్సరం నాటి దిక్కుల ప్రకారం) అడగండి. క్రాంతివృత్తం తలంలో, అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలంలో, తీసుకుంటే 23.4 డిగ్రీల తేడా పడి జవాబు గంగలో కలుస్తుంది. ఇప్పుడు వాటాల సమీకరణం పొడవు, వెడల్పు, ఎత్తు మూడిట్లోనూ రాస్తే మూడు సమీకరణాలు, మూడు తెలియని దూరాలు. మ్యాట్రిక్స్ తిరగేస్తే వచ్చేస్తాయి. మధ్య దూరంతో సూర్యుడి నుంచి దూరం మళ్లీ లెక్కించి, ఊహించిన అంకె తీసేసి దాన్ని పెట్టండి. అంకె కదలడం మానేదాకా తిప్పండి. అటూ ఇటూ ఊగుతుంటే పాతది, కొత్తది సగటు తీసి వేయండి.

రెండు చోట్ల జాగ్రత్త. సూర్యుడి నుంచి దూరం ఒకటి దగ్గర, మన నుంచి దూరం సున్నా దగ్గర వచ్చిందంటే మీరు పట్టుకున్నది భూమినే, వేరే ఊహతో మొదలుపెట్టండి. మ్యాట్రిక్స్ నిర్ణాయకం మరీ సున్నాకి దగ్గరైతే మూడు దిక్కులూ ఒకే గీత మీద పడ్డాయని అర్థం. ఇంకో రాత్రి కావాలి.

చివరగా కాంతి ఆలస్యం. కాంతి ఒక ఏయూ రావడానికి 499 సెకన్లు. వెస్టా 1.4 ఏయూల్లో ఉంటే మీ ఫొటోలో ఉన్నది పదకొండున్నర నిమిషాల కిందటి వెస్టా. ఆ మేర టైములు వెనక్కి జరిపి ఇంకోసారి తిప్పండి.

ఆరు అంకెలు

స్థానాలు తెలిశాక మిగతాది కూలి పని, ఫైండ్ ఆర్బ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పండి. ఒక్కో కొలతా ఎనభై అక్షరాల వరసగా ఇవ్వాలి, ఒక్క ఖాళీ అటూ ఇటూ అయినా తీసుకోదు. మీ డాబా అక్షాంశం, రేఖాంశం కూడా ఇవ్వండి. భూమి మధ్యలో నిలబడి చూడటానికీ కోనసీమలో నిలబడి చూడటానికీ వెస్టా స్థానంలో ఐదారు ఆర్క్‌సెకన్ల దాకా తేడా ఉంటుంది. అది మన కొలత తప్పు కంటే పెద్దది.

అది మీ రాత్రులన్నిటినీ కలిపి, తప్పుల వర్గాల మొత్తం తగ్గేలా కక్ష్యను సర్దుతుంది. వచ్చే ఆరు అంకెలు: అర్ధాక్షం కక్ష్య సైజు చెబుతుంది, ఉత్కేంద్రత ఎంత సాగిందో, వాలు ఎంత ఒరిగిందో. నాలుగోది ఆరోహణ పాతం, రాయి క్రాంతివృత్తాన్ని దాటి ఉత్తరానికి ఎక్కే చోటు. చంద్రుడికి రాహువు ఎలాగో దీనికి ఇది అలాగ. ఐదోది సూర్యుడికి అతి దగ్గరయ్యే చోటు ఏ దిక్కున ఉందో, ఆరోది ఒక తేదీన రాయి ఆ దారిలో ఎక్కడుందో. వెస్టాకి ఉత్కేంద్రత 0.09, వాలు 7.1 డిగ్రీలు రావాలి. ఆరు వారాల కొలతలతో అర్ధాక్షం 2.3 దాకా సరిపోతే మొదటిసారికి బాగా చేసినట్టే.

ప్రతి కొలత పక్కనా మిగిలిన తప్పు ఎన్ని ఆర్క్‌సెకన్లో కూడా చూపిస్తుంది. ఒకటీ రెండూ ఉంటే సరే. ఏదైనా వరస పది దాటితే దాన్ని తీసేయాలనిపిస్తుంది. ముందు ఆ ఫొటో తెరిచి చూడండి. పక్క నక్షత్రంతో కలిసిపోయిందా, గాలికి ట్రైపాడ్ ఊగిందా? కారణం కనపడితేనే తీసేయండి. కారణం లేకుండా, సరిపడలేదని తీసేస్తూ పోతే చివరికి మీకు నచ్చిన కక్ష్యే వస్తుంది.

తేల్చుకోవడం

ఇప్పటిదాకా వాడని ఒక రాత్రిని ఎంచుకోండి. మీ ఆరు అంకెలతో ఆ రాత్రి పది గంటలకి రాయి ఎక్కడుండాలో లెక్కకట్టి కాగితం మీద రాయండి. స్టెల్లేరియం తెరవకండి. డాబా ఎక్కి, తలుపు బిగించి, రాసిన చోటికి కెమెరా తిప్పి ఫొటో తీయండి. రాసిన చోటికీ చుక్కకీ మధ్య ఎన్ని పిక్సెళ్లో లెక్కపెట్టండి. నాకు మొదటిసారి మూడు వచ్చాయి. వందల్లో వస్తే సమీకరణాల జోలికి పోకుండా ముందు నోటు పుస్తకం తెరిచి టైము కాలమ్ చూడండి.